ఆరు ఎక్కువ అంటే కలపాలా, తీయాలా? నాలుగో తరగతి ఇంటిపని గురించి ఒక తల్లికి సమాధానం

హనుమకొండ నుంచి ఒక తల్లి అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. నాలుగో తరగతి చదువుతున్న వారి అమ్మాయి కూడికలు, తీసివేతలు, ఎక్కాలు తడుముకోకుండా చేస్తుంది. అదే లెక్కను వాక్యంగా ఇస్తే తప్పుతుంది. ఈ వారం ఇంటిపనిలో రెండు జవాబుల మీద ఎర్ర గీత పడింది. మొదటి ప్రశ్న ఇంగ్లీషులో ఇచ్చారు. తెలుగులో చెబితే అది ఇలా ఉంటుంది: "రాము దగ్గర 24 గోటీలు ఉన్నాయి. అవి సోము దగ్గర ఉన్నవాటి కంటే 6 ఎక్కువ. సోము దగ్గర ఎన్ని ఉన్నాయి?" అమ్మాయి 30 అని రాసింది. రెండో ప్రశ్న: "60 మీటర్ల దారి పక్కన 5 మీటర్లకు ఒకటి చొప్పున మొక్కలు నాటారు. మొత్తం ఎన్ని మొక్కలు నాటారు?" దీనికి అమ్మాయి 13 అని రాస్తే, ఉపాధ్యాయురాలు కొట్టివేసి 12 అని దిద్దారు. తండ్రి ట్యూషన్ పెట్టిద్దామంటున్నారు. మొదటి లెక్కకు తనకు కూడా 30 అనే తోచిందని తల్లి దాచుకోకుండా రాశారు. తప్పు పిల్లదా, ప్రశ్నదా అన్నది వారి సందేహం.

అమ్మా, పరకాల, నర్సంపేట వైపు ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన అనుభవంతో నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. మొదటి ప్రశ్నలో వాక్యం సరిగానే ఉంది, మీ అమ్మాయి దాన్ని చదివిన తీరు తప్పింది. రెండో ప్రశ్నలో మీ అమ్మాయి తప్పేమీ లేదు, ప్రశ్నే సగం చెప్పి ఊరుకుంది. ఈ రెండింటికీ ట్యూషన్ మందు కాదు, ఎందుకంటే అక్కడ చేయించేది మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చిన కూడికలూ తీసివేతలే.

గోటీల లెక్క నుంచి మొదలుపెడదాం. ఇందులో చేయవలసిన పని 24లో నుంచి 6 తీయడం మాత్రమే, జవాబు 18. అది రెండో తరగతి పిల్లలకు కూడా వస్తుంది. చిక్కంతా "ఎక్కువ" అనే మాటలో ఉంది. ఆ మాట వినగానే చేయి కూడిక వైపు పోతుంది, కానీ ఎక్కువ ఉన్నది రాము దగ్గర, అడిగింది సోము సంగతి. చెప్పిన మాట ఒక దిక్కుకు, చేయవలసిన పని మరో దిక్కుకు లాగే ఇటువంటి వాక్యాలు పెద్దలను కూడా పడగొడతాయి. లూయిస్, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో అమెరికా కళాశాల విద్యార్థులకు ఇలాంటి లెక్కలే ఇచ్చి చూస్తే, వాళ్లు కూడా మామూలు వాక్యాల కంటే ఈ ఎదురు వాక్యాల దగ్గరే ఎక్కువగా తప్పారు. కాబట్టి మీకూ 30 తోచిందంటే అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

పోల్చి చెప్పే వాక్యం పిల్లలకు ఎంత బరువో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1983లో హడ్సన్ అనే పరిశోధకుడు చిన్నపిల్లలకు కొన్ని పక్షులు, వాటికంటే తక్కువ పురుగులు ఉన్న బొమ్మలు చూపించి, పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ ఉన్నాయని అడిగాడు. ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం, ఇంకా బడి మెట్టు ఎక్కని పసివాళ్లలో 17 శాతం మాత్రమే సరిగా చెప్పారు. అవే బొమ్మలు చూపి, పక్షులన్నీ ఎగిరివచ్చి తలా ఒక పురుగును పట్టుకోబోతే ఎన్ని పక్షులకు పురుగు దొరకదని అడిగితే, ఒకటో తరగతి పిల్లలు నూటికి నూరు శాతం, పసివాళ్లు 83 శాతం సరిగా చెప్పారు. లెక్క అదే, పిల్లలూ వాళ్లే, మారింది అడిగిన తీరు ఒక్కటే. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలిసి ఉంటే ఎంతమంది పిల్లలను అనవసరంగా మందలించకుండా ఉండేవాడినో అనిపిస్తుంది.

"ఎక్కువ అంటే కూడిక" అనే అలవాటు పిల్లలకు తనంత తానుగా రాదు, మేమే నేర్పుతాం. నేను కూడా నేర్పాను. "మొత్తం, అన్నీ కలిపి, ఎక్కువ" అన్న మాటలుంటే కూడిక, "మిగిలినవి, పోయినవి, తక్కువ" అన్న మాటలుంటే తీసివేత అని పెద్ద అక్షరాలతో ఒక అట్ట రాసి తరగతి గోడకు తగిలించాను. ఒక సంవత్సరం పాటు పిల్లలు చకచకా జవాబులు రాస్తుంటే గర్వపడ్డాను కూడా. తరువాత ఒకరోజు "బుట్టలో కొన్ని జామకాయలు ఉన్నాయి. 8 పంచిన తరువాత 15 మిగిలాయి. మొదట ఎన్ని ఉండేవి?" అని ఇస్తే, దాదాపు తరగతి అంతా 7 అని రాసింది. "మిగిలాయి" కనబడింది, తీసేశారు. పదిహేను మిగిలిన బుట్టలో మొదట ఏడే ఎలా ఉంటాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ సాయంత్రమే అట్ట దించేశాను. మీ అమ్మాయి నోటుపుస్తకం వెనుక పేజీలోనో, గైడులోనో అటువంటి పట్టిక ఉంటే దాన్ని మరచిపొమ్మని చెప్పండి. అది పది లెక్కలకు పనికివస్తుంది, పదకొండో లెక్కకు ముంచుతుంది. పైగా వాక్యాన్ని చదవకుండానే జవాబు రాయవచ్చుననే ధైర్యాన్ని ఇస్తుంది.

ఆ ధైర్యం ఎంత దూరం పోతుందో 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో బయటపడింది. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ నాయకుడి వయస్సు ఎంత?" అని 97 మంది చిన్నపిల్లలను అడిగితే, వారిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు చెప్పారు. నేను ఓడకు బదులు మందను, నాయకుడికి బదులు కాపరిని పెట్టి మా ఆరో తరగతిలో అడిగాను. చాలామంది 36 అన్నారు. అదెట్లా అని అడిగితే ఒక పిల్లవాడు, "గంతే ఉంటది సారూ, మా కాకకు గూడ గంతే," అన్నాడు. మిగతావాళ్లు రెండు అంకెలను కలిపి ఊరుకుంటే, వాడొక్కడు మాత్రం వచ్చిన జవాబును తన ఇంటి మనిషితో సరిచూసుకున్నాడు. నాకు వాడి మీదే ఆశ కలిగింది.

ఇక భాష సంగతి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు, ఒకే పాఠం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండేలా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. మీ అమ్మాయి చదివేది ప్రైవేటు బడి కాబట్టి ఆమె ముందు ఇంగ్లీషు వాక్యం ఒక్కటే ఉంటుంది. అక్కడ ఒక కనబడని అడ్డంకి ఉంది. 15 నుంచి 7 తీయమని చెప్పడానికి ఇంగ్లీషులో "సబ్‌ట్రాక్ట్ 7 ఫ్రమ్ 15" అంటారు, ఏడు ముందు వస్తుంది, పదిహేను వెనుక వస్తుంది. ఎడమ నుంచి కుడికి చదివే పిల్ల 7 − 15 అని రాసి, అది కుదరక తికమకపడుతుంది. "6 లెస్ దాన్ 20" అన్నా అదే వరస. తెలుగులో "15 నుంచి 7 తీసివేయండి", "20 కంటే 6 తక్కువ" అంటాం. చెప్పిన వరుసలోనే గుర్తులు పడతాయి: 15 − 7, 20 − 6. అంటే తీసివేతలో మన వాక్యమే లెక్కకు దగ్గరగా నడుస్తుంది. లెక్కలకు తెలుగు చాలదనే మాట నాకు మొదటి నుంచీ మింగుడుపడదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందుచేత ఇంగ్లీషు ప్రశ్న రాగానే దాన్ని తెలుగులో చెప్పించడం మీరు ఇంట్లో చేయగలిగిన మొదటి సాయం. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఇంగ్లీషు వరుసనే పట్టుకుని "7ను 15 నుండి తీసివేయుము" అని అనువదిస్తే ప్రయోజనం ఉండదు. కొన్ని అభ్యాస పత్రాలలో అటువంటి తెలుగే కనిపిస్తుంది.

అయితే తెలుగులోకి మార్చగానే అన్నీ విడిపోతాయని కూడా చెప్పను. గోటీల లెక్కను తెలుగులో అడిగినా "ఎక్కువ" అన్న మాట అక్కడే ఉంటుంది, ఉచ్చు అలాగే ఉంటుంది. పైగా తెలుగుకు తన ఉచ్చులు తనకున్నాయి. ఉదాహరణకు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర క్వింటాలుకు 14,000 రూపాయలు ఉందనుకుందాం. "ధర 2,000 తగ్గింది" అన్నప్పుడు మిగిలేది 12,000. "ధర 12,000కు తగ్గింది" అన్నా మిగిలేది 12,000 మాత్రమే. పిల్లల కంటికి ఆ "కు" ఆనదు, 14,000లో నుంచి 12,000 తీసి ధర 2,000 అని రాస్తారు. ఆ ఒక్క ప్రత్యయాన్ని పట్టించుకోకపోవడం పై తరగతుల్లో శాతాల లెక్కలకు చేరేసరికి మార్కులు పోవడానికి పెద్ద కారణమవుతుంది. "20 శాతం తగ్గింది" అన్నదానికీ "20 శాతానికి తగ్గింది" అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో మీరే చూడండి.

భిన్నాల దగ్గర వరస తిరగబడుతుంది. "నాలుగింట మూడు వంతులు" అంటే నాలుగు భాగాల్లో మూడు, అంటే 3/4. కానీ మాటలో నాలుగు ముందు వినబడుతుంది కాబట్టి, చెప్పింది చెప్పినట్టు రాసే పిల్ల 4/3 అని రాస్తుంది. ఇక్కడ ఇంగ్లీషు మాటే గుర్తుల వరుసలో నడుస్తుంది, దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. "మిగిలిన దానిలో" అనే మాట మరింత గడుసుది. మా వైపు భూమిని గుంటల్లో లెక్కిస్తాం, ఎకరానికి 40 గుంటలు. ఒక రైతుకు 2 ఎకరాలుంటే 80 గుంటలు. అందులో పావు వంతు మొక్కజొన్న, మిగిలిన దానిలో సగం పత్తి వేశాడంటే మొక్కజొన్న 20 గుంటలు, పత్తి 30 గుంటలు అవుతుంది. పిల్లలు పత్తికి 40 గుంటలు రాస్తారు, సగం అనగానే ఎనభైలో సగమే గుర్తుకు వస్తుంది. సగం అనే మాట విన్నప్పుడల్లా "దేంట్లో సగం?" అని అడగడం అలవాటు చేస్తే ఈ తప్పు చాలావరకు పోతుంది. వ్యవసాయం చేసే ఇళ్ల పిల్లలకు ఈ ప్రశ్న వేయడం మనం నేర్పనవసరం లేదు, పాలు పంచుకునే మాటలు వినే పెరుగుతారు.

"మూడు రెట్లు ఎక్కువ" అన్నదానికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. రాము దగ్గర 10 ఉండి, సోము దగ్గర అంతకు మూడు రెట్లు ఎక్కువ ఉంటే, సోము దగ్గర 30 అనేవారున్నారు, పదికి మరో ముప్పై చేర్చి 40 అనేవారూ ఉన్నారు. వాడుకలో 30 అనే అర్థమే ఎక్కువగా నడుస్తుందని నా అభిప్రాయం, కానీ ప్రశ్న తయారుచేసేవారు "ఎక్కువ" తీసేసి "మూడు రెట్లు" అని ఊరుకుంటే ఈ తగవే ఉండదు. పాత తెలుగులో ఇనుమడి, ముమ్మడి అని చక్కని మాటలుండేవి, వాటికి ఈ చిక్కు లేదు. ఇక తేడా ఎంత అంటే "ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది" అని చెప్పే పిల్లలు, హారం అంటే మెడలో గొలుసు అనుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ తప్పులు ఒకసారి నవ్వుకుంటే సర్దుకుంటాయి.

ఇప్పుడు మొక్కల లెక్కకు వద్దాం, ఎందుకంటే ఇక్కడ మీ అమ్మాయికి న్యాయం జరగలేదు. 60ని 5తో భాగిస్తే 12 వస్తుంది, నిజమే. కానీ ఆ 12 మొక్కల సంఖ్య కాదు, మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్న ఖాళీల సంఖ్య. దారి మొదట్లో ఒక మొక్క, చివర ఒక మొక్క ఉంటే మొత్తం 13. ఒక చివర గేటు ఉండి అక్కడ మొక్క నాటకపోతే 12. రెండు చివరలా వదిలేస్తే 11. దారికి రెండు పక్కలా నాటితే, రెండు చివరలూ కలుపుకుని 26. అదే 60 మీటర్ల చుట్టుకొలత ఉన్న కుంట చుట్టూ నాటితే మొదటి మొక్క దగ్గరికే తిరిగి వస్తాం కాబట్టి కచ్చితంగా 12. ప్రశ్నలో ఇవేవీ చెప్పలేదు. "దారి పక్కన" అనే మాటకు ఎవరైనా సహజంగా ఊహించుకునేది ఈ కొస నుంచి ఆ కొస దాకా మొక్కలున్న దారినే, అప్పుడు జవాబు 13. మీ అమ్మాయి భాగహారం చేసి ఆగకుండా బొమ్మ గీసుకునో, మనసులో నడిచో లెక్కించి ఉంటుందని నా అనుమానం. గీసిన కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి.

ఉపాధ్యాయురాలితో ఎలా మాట్లాడాలన్నది కూడా అడిగారు. తరగతి వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టకండి. నలుగురిలో అడిగితే ఎవరైనా తమ జవాబును సమర్థించుకోవడానికే చూస్తారు. ఆ పత్రాన్ని తయారుచేసింది ఆమె కాకపోవచ్చు, బయటి నుంచి అచ్చయి వచ్చిన ప్రశ్నలు, వాటి వెంట వచ్చిన జవాబుల పట్టిక చూసి నలభై పుస్తకాలు దిద్దే పని ఎటువంటిదో నాకు తెలుసు. నేనే పట్టిక చూసి కొట్టేసిన సరైన జవాబులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. అందువల్ల నోటుపుస్తకంలోనే ఆ లెక్క కింద మర్యాదగా రెండు వాక్యాలు రాయండి: "దారి రెండు చివరలా మొక్క ఉంటుందో లేదో ప్రశ్నలో లేదు. ఉంటుందనుకుని మా అమ్మాయి 13 అని రాసింది, దయచేసి చూడగలరు." అమ్మాయికి మాత్రం ఒక మాట స్పష్టంగా చెప్పండి: ప్రశ్నలో చెప్పని సంగతి ఉన్నప్పుడు, తాను ఏమనుకున్నదో జవాబు పక్కన ఒక వాక్యంలో రాయాలి. ఆ అలవాటు పదో తరగతి దాకా, ఆ తరువాత కూడా ఆమెను కాపాడుతుంది.

ఇంట్లో ఏం చేయాలి? ఆస్ట్రేలియాలో న్యూమన్ అనే ఉపాధ్యాయురాలు 1977లో, పిల్లలు మాటల లెక్కలో ఎక్కడ పడిపోతారో తెలుసుకోవడానికి ఐదు మెట్లు చెప్పారు: చదవడం, అర్థం చేసుకోవడం, ఏ లెక్క చేయాలో తేల్చుకోవడం, లెక్క చేయడం, జవాబు రాయడం. ఆమె చూసిన తప్పుల్లో దాదాపు సగం మొదటి మూడు మెట్లలోనే జరిగాయి, అంటే అసలు లెక్క మొదలుపెట్టక ముందే. మనం ఇంట్లో కూర్చోబెట్టి చేయించేది మాత్రం ఎప్పుడూ నాలుగో మెట్టే. మీరు మొదటి మూడింటి మీద రోజూ పది నిమిషాలు పెట్టండి. పెన్సిలు ఇవ్వకండి. ప్రశ్నలోని అంకెలను వేలితో మూసి, "రాము కాడ కొన్ని గోటీలున్నయి, సోము కాడున్నవాటి కన్నా కొన్ని ఎక్కువున్నయి" అని కథగా చదివించి, "ఎవరి కాడ ఎక్కువున్నయి బిడ్డా? మనల్ని ఎవరి గురించి అడుగుతున్నరు?" అని అడగండి. మీరు ఇంట్లో మాట్లాడే భాషలోనే అడగండి, పుస్తకం భాషలో వద్దు. అప్పటికీ తేలకపోతే చింతగింజలు రెండు వరుసలుగా పేర్చి చూపమనండి. వరుసలు పక్కపక్కన పడగానే ఎవరికి తక్కువో కంటికి తెలుస్తుంది, ఆ తరువాత 24కు ఆరు కలపాలన్న ఆలోచన దానంతట అదే పోతుంది.

కథ ముందు, అంకెలు తరువాత అని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో మేడారం లెక్కతో చెబుతాను. "ఒకాయన జాతరలో తన బరువుకు సమానంగా 46 కిలోల బంగారం సమర్పించాడు. కిలో 50 రూపాయలైతే ఎంత ఖర్చయింది?" అని నేను పిల్లలకు ఇచ్చేవాడిని. వేరే ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక మాస్టారు అది చూసి ప్రశ్న తప్పని నాతో వాదించారు. కిలో బంగారం యాభై రూపాయలేమిటన్నది ఆయన బాధ. మా పిల్లలకు ఆ బాధ లేదు, సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బంగారం అంటే బెల్లమని వాళ్లకు తెలుసు, 2,300 అని రాసి ముందుకు పోయారు. కథ తెలిసిన చోట పిల్లలకు మాట అడ్డం రాదు.

రెండు వారాలు ఇలా చేశాక ఈ లెక్క ఇచ్చి చూడండి: "అక్క బతుకమ్మకు 35 తంగేడు కొమ్మలు తెచ్చింది. అవి చెల్లెలు తెచ్చినవాటి కంటే 9 తక్కువ. చెల్లెలు ఎన్ని తెచ్చింది?" ఈసారి మాట "తక్కువ", చేయవలసింది కూడిక. పెన్సిలు ముట్టుకోక ముందే "చెల్లెలే ఎక్కువ తెచ్చింది" అని ఆమె అంటే, ఆ తరువాత 44 అని రాసినా, తొందరలో 43 అని రాసినా మీరు కంగారుపడకండి. ఏమీ అనకుండా 26 అని రాస్తే మాత్రం దిద్దవద్దు, చింతగింజలు ముందు పెట్టి మళ్లీ కథ చెప్పమనండి.